గుంటూరు ల్యాండ్‌లైన్ నంబరు పోకుండా కాల్స్ టీమ్స్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

గుంటూరు_కొట్టు అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. గుంటూరులో మాది మిర్చి కమీషన్ కొట్టు. ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది, విజయవాడ లబ్బీపేటలో ఎగుమతి కాగితాలు చూసుకునే చిన్న ఆఫీసు ఉంది. వ్యాపారం మా మామగారిది. లెక్కలు, కంప్యూటర్లు, ఫోన్లు నేను చూస్తాను.

విదేశీ బయ్యర్లు మీటింగులన్నీ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనే పెడుతున్నారని మేమూ మైక్రోసాఫ్ట్ 365 తీసుకున్నాం. ఇప్పుడు మాలో మేము మాట్లాడుకునేదంతా టీమ్స్‌లోనే. ఏ లాటు ఏ ఛాంబర్‌లో ఉంది, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దించారు, ఎవరి పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాయాలి, ఇవన్నీ అందులోనే నడుస్తున్నాయి. కానీ బయటి నుంచి వచ్చే ఫోన్ మాత్రం ఇంకా కొట్టులో ఉన్న పాత ఈపీఏబీఎక్స్‌లోనే (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి పెట్టె) మోగుతుంది. నాలుగు లైన్లు, అన్నిటికీ కలిపి ఒకటే 0863 నంబరు.

సీజన్‌లో ఏమవుతుందంటే, పొద్దున్నే మా గుమస్తాలు మిర్చి యార్డుకి పోతారు. అదే సమయానికి రైతులు ఫోన్ చేస్తారు. కొట్టులో ఎత్తేవాళ్ళుండరు. ఒకవేళ ఎత్తినా, "నా తేజ లాటు ఏసీలో ఎలా ఉందయ్యా, ఈ ధరకి తీయమంటావా" అని (తేజ అంటే ఒక మిర్చి రకం, ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ) అడిగితే కొట్టులో ఉన్న కుర్రాడికి తెలియదు. కోల్డ్ స్టోరేజీ నంబరు ఇచ్చి అక్కడికి చెయ్యమంటాడు. వినుకొండ అవతల చేలో నిలబడి ఫోన్ చేసిన మనిషి నంబరు ఎక్కడ రాసుకుంటాడు? సంవత్సరం కష్టం మన దగ్గర పెట్టినవాడికి ఒక్క ఫోన్‌లో జవాబు దొరకకపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది.

దీనికి విరుగుడుగా అందరూ సొంత మొబైల్ నంబర్లు ఇచ్చేశారు. పోయిన సీజన్‌లో ఒక గుమస్తా మానేశాడు. అతని నంబరు రైతుల దగ్గర, బయ్యర్ల దగ్గర ఉంది. ఇప్పటికీ మా పని మీద ఫోన్లు అతనికే పోతున్నాయి. అతను మంచివాడే, ఇటు చెయ్యమని చెబుతున్నాడు. కానీ ఎన్నాళ్ళు చెబుతాడు?

నాకు కావాల్సింది ఇది. బోర్డు మీద, పట్టీల మీద అచ్చయిన నంబరు మారకూడదు. ఆ నంబరుకి ఫోన్ వస్తే కొట్టులోనూ కోల్డ్ స్టోరేజీలోనూ మోగాలి. ఎవరు ఎత్తినా అవతలివాళ్ళకి కలపగలగాలి. మామగారి బల్ల మీద రిసీవర్ ఉన్న ఫోనే ఉండాలి, కంప్యూటర్‌లో మాట్లాడమంటే ఆయన మాట్లాడరు. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనేది అసలు వద్దు.

ఇద్దరిని అడిగాను. ఒకాయన "మీ నంబరు మా కంపెనీకి పోర్ట్ చేసేస్తాం, రెండు రోజుల పని" అన్నారు. ఇంకొకాయన "నంబరు మార్చుకోక తప్పదు" అన్నారు. ఎవరి మాట నిజమో తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఈ పని నిజంగా చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సత్తెనపల్లి_పత్తి

చెల్లెమ్మా, ఇంత దూరం ఎందుకు? ల్యాండ్‌లైన్‌ని ఒక మొబైల్‌కి ఫార్వర్డ్ పెట్టి, ఆ మొబైల్‌ని కోల్డ్ స్టోరేజీలో ఉంచండి. దాంట్లోనే వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి. సిమ్ మాత్రం సంస్థ పేరు మీదే తీసుకోండి. మా జిన్నింగ్ మిల్లులో అలాగే నడుస్తోంది. మనిషి మారినా ఫోన్ అక్కడే ఉంటుంది.

బెజవాడ_కేబుల్

మేడమ్ గారూ, నేను పటమటలో ఉంటాను. ఆఫీసులకి నెట్‌వర్కు, ఫోన్లు వేయడమే నా పని. పైన అన్నగారు చెప్పింది ఒక్క మనిషి ఎత్తే చోట బాగానే పనిచేస్తుంది. మీకు ఒకేసారి రెండు చోట్ల మోగాలి, కలపాలి, పైగా నాలుగు కాల్స్ ఒకేసారి రావచ్చు. కాబట్టి మీది వేరే లెక్క.

ముందు నంబరు సంగతి. మన దేశంలో నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం మొబైల్‌కే ఉంది, ల్యాండ్‌లైన్‌కి లేదు. మీ 0863 నంబరు ఏ కంపెనీదో ఆ కంపెనీ దగ్గరే ఉంటుంది. రెండు రోజుల్లో పోర్ట్ చేస్తానన్న ఆయన్ని ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకుండా మీ పాత కనెక్షన్ సరెండర్ చేయమంటే మాత్రం చేయొద్దు. ఒకసారి సరెండర్ చేశాక అదే నంబరు మళ్ళీ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాగని రెండో ఆయన చెప్పినట్టు నంబరు మార్చుకోనక్కర్లేదు కూడా.

టీమ్స్‌కి బయటి ఫోన్ కలపడానికి మైక్రోసాఫ్ట్ పెట్టిన దారులు కొన్ని ఉన్నాయి. మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి ఆపరేటర్ కనెక్ట్. ఎయిర్‌టెల్, టాటా కమ్యూనికేషన్స్ లాంటి లైసెన్సు ఉన్న కంపెనీలు మన దేశంలో టీమ్స్‌కి కాలింగ్ ఇస్తున్నాయి. పెట్టెలేవీ కొనక్కర్లేదు, టీమ్స్ అడ్మిన్ పేజీలో నంబరు కనబడుతుంది, దాన్ని మనిషికి కేటాయిస్తే అయిపోతుంది. కానీ ఆ నంబరు వాళ్ళిచ్చే కొత్తది. పాత నంబరు నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకోవాలి. ఫార్వర్డ్ అయిన కాల్‌కి డబ్బులు ఎవరికి పడతాయో, ఒకేసారి ఎన్ని కాల్స్ ఫార్వర్డ్ అవుతాయో ముందే అడగాలి.

రెండోది డైరెక్ట్ రూటింగ్. మీ దగ్గరున్న లైన్లనే ఒక పెట్టె ద్వారా టీమ్స్‌కి కలుపుతారు. ఆ పెట్టెని ఎస్‌బీసీ అంటారు. మైక్రోసాఫ్ట్ సర్టిఫై చేసిన మోడల్ కావాలి. ఆడియోకోడ్స్ మీడియంట్ 800 లాంటివాటిలో మామూలు ల్యాండ్‌లైన్ వైరు గుచ్చుకునే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టులు పెట్టించుకోవచ్చు. నాలుగు లైన్లు నాలుగు పోర్టులకి. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చి ఉంటే, ఫైబర్ పెట్టె వెనక ఫోన్ గుచ్చే రంధ్రం ఉంటుంది కదా, అక్కడి నుంచి వైరు తెచ్చి ఇందులో పెడతారు. నంబరు మారదు, కంపెనీ మారదు. మీకైతే నేను ఇదే చెబుతాను.

అయితే ఎఫ్‌ఎక్స్‌ఓలో ఒక చిక్కుంది, దీన్ని చాలామంది చెప్పరు. రైతు అవతల ఫోన్ పెట్టేసినా పెట్టెకి ఆ సంగతి తెలియకపోవచ్చు. లైను పట్టుకునే కూర్చుంటుంది, తర్వాత చేసినవాళ్ళకి ఎంగేజ్ వస్తుంది. ఎక్స్ఛేంజి వాళ్ళని ఆ లైన్లకి పోలారిటీ రివర్సల్ (అవతల ఫోన్ పెట్టేయగానే లైనులో కరెంటు దిశ మార్చి ఆ సంగతి తెలిపేది) పెట్టమని అడగాలి. కుదరదంటే, బిజీ టోన్ విని లైను వదిలేసేలా పెట్టెలో సెట్ చేయించాలి. డబ్బు కట్టే ముందే నాలుగు లైన్ల మీదా ఇది పరీక్ష చేసి చూపించమనండి. మీ కంపెనీ అదే నంబరు మీద సిప్ ట్రంక్ (మామూలు వైరుకి బదులు నెట్‌వర్కు మీద నడిచే ఫోన్ లైను) ఇస్తానంటే మాత్రం ఈ గొడవే ఉండదు, అది ఇంకా మంచిది. ముందు అదే అడగండి.

ఇక నంబర్ల తిప్పుడు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా తప్పనిసరి. టీమ్స్ ఏమో నంబరుని ప్లస్ 91తో పంపుతుంది. ఆ ప్లస్ 91 తీసేసి సున్నా పెట్టి బయటికి పంపే రూలు పెట్టెలో రాయాలి. లోపలికి వచ్చే నంబరుని తిరిగి ప్లస్ 91గా మార్చే రూలు కూడా రాయాలి. ఈ రెండోది వదిలేస్తే ఏమవుతుందంటే, మీ కాంటాక్టుల్లో రైతు పేరు ఉన్నా ఫోన్ మోగేటప్పుడు ఉత్త నంబరే కనబడుతుంది. పేరు కనబడితే ఎత్తగానే "చెప్పండి బాబాయ్" అనొచ్చు. మీలాంటి కొట్టుకి అది పెద్ద విషయం.

అన్నిటికంటే ముఖ్యమైనది చట్టం. ఒక ఊళ్ళో దిగిన కాల్‌ని సొంత ఇంటర్నెట్ మీద ఇంకో ఊరికి మోసి, ఫోన్ కంపెనీకి రావాల్సిన ఎస్‌టీడీ డబ్బు తప్పించడాన్ని టోల్ బైపాస్ అంటారు. మన దేశంలో దీన్ని తేలిగ్గా తీసుకోరు. అందుకే టీమ్స్‌లో లొకేషన్ బేస్డ్ రూటింగ్ అని ఒక సెట్టింగు ఉంది. మనిషి ఏ ఆఫీసు నెట్‌వర్కులో ఉన్నాడో చూసి, ఆ ఆఫీసుకి కట్టిన లైను మీదే బయటి కాల్ వెళ్ళనిస్తుంది. మీ కొట్టు, కోల్డ్ స్టోరేజీ రెండూ గుంటూరే కాబట్టి రెంటినీ ఒకే గేట్‌వేకి, అంటే ఆ ఎస్‌బీసీ పెట్టెకి, కట్టుకోవచ్చు. రెండు చోట్లా ఇంటర్నెట్‌కి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకోండి, టీమ్స్ ఆ ఐపీనీ, ఆఫీసు లోపలి నెట్‌వర్కు చిరునామాల్నీ చూసి చోటు గుర్తుపడుతుంది. విజయవాడ ఆఫీసు కోడ్ 0866. దాన్ని ఇందులో కలపొద్దు. మీలో మీరు టీమ్స్‌లో మాట్లాడుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఏదైనా సరే, ఈ అమరిక మొత్తం ఒక కాగితం మీద గీసి మీ ఫోన్ కంపెనీకి ఇచ్చి, ఇలా వాడుకోవచ్చని రాతపూర్వకంగా తీసుకోండి. పని చేసేవాడి నోటిమాట చాలదు.

గుంటూరు_కొట్టు

ఎంత ఓపిగ్గా రాశారండీ, చాలా థ్యాంక్స్. పోర్ట్ అవుతుందని నమ్మి పాత కనెక్షన్ వదిలేద్దామనే దాకా వచ్చింది ఇక్కడ. మీ జవాబు మామగారికి చదివి వినిపించాను.

ఇంకొన్ని అనుమానాలు. లొకేషన్ సెట్టింగు పెడితే, గుమస్తా యార్డులో ఉన్నప్పుడు అతని మొబైల్‌లోని టీమ్స్‌కి కొట్టు ఫోన్ రాదా? నేను చాలా ఆశ పెట్టుకున్నది దాని మీదే. లైసెన్సు మా వాళ్ళందరికీ కొనాలా? మధ్యాహ్నం కరెంటు పోతే ఏం జరుగుతుంది? కోల్డ్ స్టోరేజీలో అమోనియా ఉంటుంది, అక్కడ ఫోన్ పనిచేయకపోతే ఊరుకునే విషయం కాదు.

సూర్యారావుపేట_రిసెప్షన్

అక్కా, నేను విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఫ్రంట్ ఆఫీసు చూస్తాను. మేము టీమ్స్ ఫోన్ మీదకి మారాం. వైర్ల సంగతి నాకు తెలియదు, ఎత్తేవాళ్ళ వైపు నుంచి చెబుతాను.

మీకు కావాల్సింది కాల్ క్యూ, అంటే వచ్చిన ఫోన్‌ని ఒక గుంపు మనుషులకి మోగించేది. మెయిన్ నంబరుని దానికే ఇవ్వండి, మనిషికి ఇవ్వొద్దు. "ఒకటి నొక్కండి" అని చెప్పేది ఆటో అటెండెంట్, అది వేరు. అది లేకుండానే క్యూ పెట్టుకోవచ్చు. క్యూలో మనుషులు మారతారు, నంబరు మారదు. మీ గుమస్తా మానేసిన కథ మాకూ జరిగింది. ఇప్పుడు ఎవరైనా మానేస్తే క్యూలోంచి పేరు తీసేస్తాం, అంతే.

క్యూలో ఎవరికి మోగాలో నాలుగు పద్ధతులు ఉంటాయి. అందరికీ ఒకేసారి మోగేది అటెండెంట్ రూటింగ్. వరసగా ఒకరి తర్వాత ఒకరికి మోగేది సీరియల్. మీకు మొదటిదే మంచిది. వరస పద్ధతి పెడితే మొదటి మనిషి ఎత్తకపోతే అంతసేపూ పేషెంటు, అంటే మీకైతే రైతు, లైన్లోనే ఉండిపోతాడు. ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు మోగాలనేది మామూలుగా 30 సెకన్లు ఉంటుంది. వరస పద్ధతే కావాలంటే దాన్ని తగ్గించండి. మా దగ్గర ముసలివాళ్ళు అంతసేపు మ్యూజిక్ వింటే ఫోన్ పోయిందనుకుని పెట్టేసేవాళ్ళు.

ఆ మ్యూజిక్ తీసేసి మీ గొంతుతో రికార్డు చేసి పెట్టండి. ఎంపీ3 ఫైలు ఎక్కించుకోవచ్చు, 5 ఎంబీ లోపు ఉండాలి. "కాస్త లైన్లో ఉండండి, మనిషి పలుకుతారు" అని మన తెలుగులో చెబితే పెట్టెయ్యరు. మా దగ్గర దాంతో చాలా తేడా వచ్చింది. ఎవరూ ఎత్తకపోతే ఏం చేయాలనేది కూడా సెట్ చేయాలి. వాయిస్‌మెయిల్‌లో మన జనం మాట్లాడరు. మిస్డ్ కాల్స్ జాబితా చూసి తిరిగి చేసే పని రోజూ ఒకరికి అప్పజెప్పండి. ఏ యంత్రం పెట్టినా ఆ పని మనిషే చేయాలి.

కలిపేటప్పుడు ముందు అవతలివాళ్ళతో మాట్లాడి తర్వాత ఇవ్వండి, టీమ్స్‌లో కన్సల్ట్ దేన్ ట్రాన్స్‌ఫర్ అని ఉంటుంది. "ఫలానా వారు, తేజ లాటు గురించి" అని చెప్పి కలిపితే రైతు మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.

బెజవాడ_కేబుల్

ఆ అమ్మాయి చెప్పింది బంగారం లాంటి మాట, క్యూ అలాగే పెట్టండి.

మేడమ్, మీ అనుమానాలు. లొకేషన్ రూటింగ్ పెట్టాక గుమస్తా యార్డులో మొబైల్ డేటా మీద ఉంటే ల్యాండ్‌లైన్‌కి వచ్చిన కాల్ అతని టీమ్స్‌లో మోగదు. ఆ సెట్టింగు ఉన్నదే అందుకు. అది తీసేసి పని జరుపుకుందామని ఎవరన్నా చెబితే వినొద్దు. యార్డు సమయంలో కోల్డ్ స్టోరేజీ వాళ్ళు ఎత్తి, గుమస్తాకి టీమ్స్‌లో మెసేజ్ పెట్టి ధర కనుక్కుని రైతుకి చెప్పేలా చేసుకోండి. ఎక్కడ ఉన్నా ఎత్తి తీరాలంటే ఆపరేటర్ కనెక్ట్ ఇచ్చే కంపెనీని అడగండి, వాళ్ళ లైసెన్సు, వాళ్ళ షరతులు వేరు. ఏమేం కుదురుతాయో వాళ్ళే రాసివ్వాలి.

లైసెన్సు అందరికీ అక్కర్లేదు. బయటి ఫోన్లు మాట్లాడేవాళ్ళకి మాత్రం టీమ్స్ ఫోన్ లైసెన్సు తీసుకోండి. క్యూకి ఒక రిసోర్స్ అకౌంటు (మనిషికి కాక క్యూకే ఉండే ఖాతా) కావాలి, దాని లైసెన్సుకి డబ్బు కట్టనక్కర్లేదు. కోల్డ్ స్టోరేజీ కౌంటరు మీద అందరూ వాడే ఫోన్‌కి షేర్డ్ డివైసెస్ లైసెన్సు చాలు. మామగారి బల్ల మీదకి యీలింక్ గానీ పాలీ గానీ టీమ్స్‌కి సర్టిఫై అయిన ఫోన్ పెట్టండి. రిసీవర్ ఉంటుంది, ఎత్తి మాట్లాడడమే.

కరెంటు గురించి మీరు అడిగింది సరైన ప్రశ్న. ఫైబర్ పెట్టె, రూటరు, స్విచ్, ఎస్‌బీసీ, ఫోన్లు, వీటిలో ఏది ఆగినా అంతా ఆగుతుంది. చాలామంది కంప్యూటర్లకి యూపీఎస్ పెట్టి గోడకున్న ఫైబర్ పెట్టెని మర్చిపోతారు. అన్నిటినీ ఒకే యూపీఎస్ మీదకి తెండి. కోల్డ్ స్టోరేజీలో మాత్రం టీమ్స్‌తో సంబంధం లేని మామూలు ల్యాండ్‌లైన్ ఒకటి, సంస్థ పేరు మీద ఒక మొబైల్ ఒకటి విడిగా ఉంచండి. 112కి, ఫైర్ వాళ్ళకి చేయాల్సి వస్తే ఆ ఫోన్లలోంచే చేయాలని గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. గ్యాస్ లీకయిన వేళ ఇంటర్నెట్ ఉందా లేదా అని ఎవరూ చూసుకోకూడదు.

ఇంకో సంగతి. ఎస్‌బీసీకి మీ సొంత డొమైన్ మీద పేరు, దానికి ఒక సర్టిఫికెట్ (ఆ పేరు మీదేనని రుజువు చేసే డిజిటల్ పత్రం) కావాలి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఆన్‌మైక్రోసాఫ్ట్ పేరు పనికిరాదు. ఆ సర్టిఫికెట్ గడువు తీరితే టీమ్స్‌కీ పెట్టెకీ సంబంధం తెగిపోయి ఒక్క కాల్ కూడా రాదు. ఇంతకుముందు ఏడాదికోసారి మార్చుకుంటే సరిపోయేది. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి గడువు 200 రోజులకి మించదు, 2027లో 100 రోజులు, 2029 నాటికి 47 రోజులు. కాబట్టి దానంతట అదే మారేలా పెట్టమని, లేదంటే ఆ పని ఎవరిదో పని చేసేవాళ్ళతో ఒప్పందంలో రాయించుకోండి. సీజన్ మధ్యలో గడువు తీరేలా మాత్రం తేదీ పెట్టుకోవద్దు.

ఒకవైపు మాట వినబడి రెండోవైపు వినబడకపోతే కంగారుపడి పెట్టె మార్చొద్దు. ముందు రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ (కాల్ సమాచారాన్ని రూటరు మధ్యలో మార్చే సెట్టింగు) ఆపి, ఫైర్‌వాల్‌లో మాట వెళ్ళే యూడీపీ పోర్టులు తెరిచి ఉన్నాయో లేదో చూడమనండి. దాదాపు ఎప్పుడూ తప్పు అక్కడే దొరుకుతుంది.

గుంటూరు_కొట్టు

ఇద్దరికీ నమస్కారాలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. పాత లైన్లు నాలుగూ మా దగ్గరే ఉంచుతున్నాం. ముందు సిప్ ట్రంక్ సంగతి కంపెనీని అడుగుతాం, కాదంటే ఎఫ్‌ఎక్స్‌ఓ పెట్టె. యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు పని పెట్టుకుంటాం, అప్పుడు ఫోన్లు తక్కువ కాబట్టి పరీక్షలకి వీలుంటుంది. సీజన్ జరుగుతుండగా నంబరు మీద చెయ్యి వేయనివ్వను.

కోల్డ్ స్టోరేజీలో విడి ఫోన్ ఇవాళే పెట్టించాం. యార్డులో ఉన్న గుమస్తాకి మెసేజ్ పెట్టే పద్ధతి రేపటి నుంచే మొదలుపెడుతున్నాం, దానికి ఏ పెట్టే అక్కర్లేదు కదా. లైన్లో ఉండమని చెప్పే మాట మామగారి గొంతుతోనే రికార్డు చేద్దామనుకుంటున్నాను, రైతులందరికీ ఆయన గొంతు తెలుసు.

ఫోన్ కంపెనీకి ఇవ్వాల్సిన ఉత్తరం రాస్తున్నాను. కొట్టు, కోల్డ్ స్టోరేజీ రెండిటి చిరునామాలు, రెండు చోట్ల స్టాటిక్ ఐపీలు, లైన్ల నంబర్లు, పెట్టె ఎక్కడ ఉంటుందో బొమ్మ, విజయవాడ ఆఫీసుని ఇందులో కలపడం లేదన్న మాట. ఇంకేమైనా ఉండాలా, బెజవాడ గారూ?

బెజవాడ_కేబుల్

బయటికి వెళ్ళే కాల్స్ కూడా అవే లైన్ల మీద వెళ్తాయని ఒక వాక్యం చేర్చండి. నాలుగు లైన్లకీ పోలారిటీ రివర్సల్ అడిగేది అదే ఉత్తరంలో పెట్టండి, మళ్ళీ తిరగక్కర్లేదు. రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి.